లెక్కలోకి రాని పేలుడు

భోజనాల బల్ల మీద మైక్రోస్కోప్ పెట్టి, దాని తీగ గోడకున్న ప్లగ్గులో గుచ్చి, కోడలు ఎదురు కుర్చీలో కూర్చుంది. ఉద్యోగమంతా కొండల మీదే గడిపి రిటైరైన పెద్దాయన అటు చూడకుండా, మెళ్ళో తాడుకి వేలాడుతున్న మడత భూతద్దాన్ని చొక్కా లోపలికి తోసుకున్నాడు. పక్క గదిలో ఆయన భార్య సంచీ ముందేసుకుని కూర్చుంది. ఆవిడకి కావలసింది ఒక్కటే, రెండేళ్ళ క్రితం అగ్నిపర్వతం మీద చనిపోయి అక్కడే ఉండిపోయిన కొడుకు ఇంటికి రావడం.

"ఇవ్వనంటే ఇవ్వను. ఇంకోసారి అడగకు."

"అడగను మామయ్యా. కూర్చుంటాను. మీరు ఇచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను."

"కూర్చో. కుర్చీకేం అద్దె లేదు."

"రేపు పొద్దున పడవ."

"తెలుసు."

"అందులో నేనూ ఎక్కుతున్నా. ఆయన్ని తేవడానికి వెళ్ళేవాళ్ళకి దారి చూపించాల్సింది నేనే."

"అదీ తెలుసు. కొండ మీద గుడిసె దాటాక ఎడంపక్క గట్టు పట్టుకోండి. కుడిపక్క రాళ్ళు వదులు. కాలు పెడితే జారుతాయి."

"నేనడిగింది దారి కాదు."

"ఏమండీ! తెల్ల దుప్పటి పెట్టనా, నీలంది పెట్టనా?"

"ఏదో ఒకటి పెట్టు!"

"ఏదో ఒకటేమిటండీ, అబ్బాయిని చుట్టి తీసుకొచ్చేది! వాడికి నీలం ఇష్టం కదా!"

"అయితే నీలం పెట్టు!"

"నీలంది మరీ పల్చన!"

"తెల్లదే పెట్టవే తల్లీ!"

"సరే, చూస్తా!"

"విన్నావుగా అమ్మాయ్. రెండేళ్ళు ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది మీ అత్తయ్య. ఎండనక వాననక. ఆఫీసర్లు మారిపోయారు గానీ ఆవిడ మెట్టు మారలేదు. ఆఖరికి ఈ కొత్తాయన జాలిపడి పడవ పంపడానికి సంతకం పెట్టాడు. ఇప్పుడు నువ్వొచ్చి..."

"నేనొచ్చి?"

"మైక్రోస్కోప్ పెట్టుకుని కూర్చున్నావ్."

"ఆయన జాలిపడి పెట్టలేదు. కొండ పడుకునుందని మీరు కట్టిన పేలుళ్ళ పట్టికలో ఉంది. అది చూసి పెట్టాడు."

"పడుకునే ఉంది."

"పడుకునుంటే మీ అబ్బాయి ఎలా పోయారు?"

"ఆవిరి. లోపల నీళ్ళు కాగాయి, దారి లేక పైనున్న రాయిని ఎగరగొట్టాయి. పొయ్యి మీద గిన్నె మూత ఎగరదూ, అలా. దాన్ని పేలుడనరు."

"ఎందుకనరు?"

"నాకే పాఠం చెప్తావా?"

"మీరు నాకు చెప్పిందే. ఇవాళ నేనడుగుతా, మీరు చెప్పండి."

"వైవా పెడుతున్నావా? నాకు?"

"ఆఁ, పెడుతున్నా. తప్పితే మళ్ళీ రాయాలి."

"కానీ. నాకు మాత్రం వేరే పనేముంది."

"ఆ కొండ దేంతో కట్టుకుంది?"

"దాని కక్కుతోనే. ఒకసారి లావా, ఒకసారి బూడిద. మళ్ళీ లావా, మళ్ళీ బూడిద. పొర మీద పొర. లావా నిలబెడుతుంది, బూడిద ఎత్తు పెంచుతుంది. అందుకే అంత నిటారు. పడవలోంచి చూస్తే బోర్లించిన గరాటులా ఉంటుంది. చుట్టూ మనిషి లేడు, ఊరు లేదు. వాణ్ణి మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు..."

"ఊఁ?"

"ఏం లేదు. తర్వాతిదడుగు."

"వాగు కోసిన గోడలో ఏముంది?"

"అడుగున నల్ల లావా, నా నడుమెత్తు. దాని మీద ఎర్రమట్టి. మట్టి నిండా వేళ్ళ గుర్తులు. అంటే కొండ చాలాకాలం ఊరుకుంది, చెట్లు మొలిచాయి. ఆ పైన వేలెడు మందాన తెల్లగీత. చిన్న పేలుడు. ఆ పైన నిలువెత్తు బూడిద, మధ్య మధ్య నురగరాళ్ళు. అది పెద్ద పేలుడు."

"మళ్ళీ?"

"మళ్ళీ మట్టి, మళ్ళీ తెల్లగీత, మళ్ళీ పెద్దది. ఆ తర్వాతా అంతే. వాడు చిన్నప్పుడు ఆ గీత మీద వేలుపెట్టి, 'నాన్నా, ఇదెవరు గీశారు?' అన్నాడు. 'కొండే గీసుకుందిరా' అన్నా. 'తప్పు గీసిందా, అందుకే పైన అంత బూడిద పూసేసిందా?' అన్నాడు వెధవ."

"తెల్లగీతకీ పెద్దదానికీ మధ్య ఏముంది?"

"ఇదిగో! అమ్మాయికి టీ పెట్టు!"

"ఇప్పుడే కదండీ ఇచ్చాను!"

"చల్లారిపోయింది!"

"చల్లారిందంటే తాగలేదన్నమాట! ముందది తాగమనండి!"

"మధ్యలో ఏముంది మామయ్యా?"

"మట్టి లేదు."

"వేళ్ళు?"

"లేవు."

"అంటే?"

"అంటే గడ్డి మొలిచే వ్యవధి కూడా లేదు. రెండేళ్ళో, మూడేళ్ళో. ముందు చిన్నది దగ్గుతుంది, వెనకే పెద్దది వస్తుంది. ప్రతిసారీ అలాగే వచ్చింది. ఇదంతా నేను రాసిందే, నా చేత ఎందుకు అప్పజెప్పిస్తావ్?"

"ఆవిరి ఎగిరిన గుర్తులు కూడా ఉన్నాయి కదా గోడలో?"

"బోలెడున్నాయి. వాటి తర్వాత ఏమీ రాలేదు. ఉత్త ఆవిరికి వెనకాల ఎవరూ ఉండరు."

"మరి ఏది ఉత్త ఆవిరో, ఏది పేలుడో ఎలా తెలుస్తుంది?"

"గాజు."

"చెప్పండి."

"లోపల కరిగిన రాయి పైకి తన్నుకొచ్చి, గాలి తగలగానే బిగుసుకుపోతే గాజవుతుంది. బూడిదలో కొత్త గాజుంటే లోపల నిప్పు కదిలినట్టు. లేకపోతే ఉత్త ఆవిరి, పాతరాయి పొడి. దాన్ని పేలుడుగా లెక్కకట్టం. ఆ నియమం పెట్టింది నేనే. అందరూ ఒప్పుకున్నారు. నువ్వూ పరీక్షలో రాశావ్."

"రాశాను. క్లాసులో ఫస్టు మార్కు వేశారు."

"మరింకేం."

"ఆయన పోయిననాటి బూడిదలో గాజు లేదన్నారు."

"లేదు. ఆఫీసువాళ్ళు చూసి మరీ చెప్పారు."

"ఆ బూడిద ఎప్పుడు తెచ్చారు?"

"ఏమో. నాకు గుర్తులేదు."

"మీకా గుర్తులేనిది? వానలయ్యాక తెచ్చారు. పడవతను మర్నాడే వెళ్ళాడు గానీ గుడిసె దాటి పైకి పోలేక అక్కడున్న ఆయన సంచీ పట్టుకుని వచ్చేశాడు. ఆ తర్వాత వానలు. వానలు తగ్గాక ఆఫీసువాళ్ళు వెళ్ళి పైపైన గీక్కొచ్చారు."

"అయితే ఏం?"

"మొన్న కాలేజీలో పిల్లలకి చూపిద్దామని ఆ కొండదే పాత బూడిద కాస్త పళ్ళెంలో వేసి నీళ్ళు పోశా. గాజు తేలిక కదా, అన్నీ బుడగలే కదా. పైకి తేలి నీళ్ళతోపాటే సింకులోకి పోయింది. అడుగున రాయిపొడి మిగిలింది. పిల్లలు ఏదో అడుగుతున్నారు, నాకు వినపడలేదు. వాన కూడా ఇదే చేసి ఉంటుంది కదా అని అక్కడే నిలబడిపోయా."

"ఊహ."

"ఊహే. ఆఫీసరూ అదే అన్నాడు. 'ఊహ మీద పడవ ఆపలేనమ్మా, గాజు తెండి' అన్నాడు. వాన తగలని బూడిద ఎక్కడుంది మామయ్యా?"

"సంచీలో ఉండేది. బట్టల మడతల్లో ఉండేది."

"అత్తయ్య ఉతికేసింది."

"ఆవిడకేం తెలుసు పాపం. వాడు కొండ దిగి ఎప్పుడొచ్చినా ముందు బట్టలే ఉతికేది. ఆరోజూ అలాగే ఉతికింది."

"బకెట్టు అందించింది నేనే. బూడిద జల్లించుకుని బతికేదాన్ని, పక్కన నిలబడి ఆ నీళ్ళు కాలవలోకి పోతుంటే చూస్తూ ఊరుకున్నా. ఏమీ తోచలేదు. సబ్బు నురగ బూడిదరంగులో ఉందేమిటా అనుకున్నా, అంతే."

"పోనీలే. అయిపోయిందేదో అయిపోయింది."

"అయిపోలేదు. మిగిలింది మీ మెళ్ళో ఉంది."

"ఇది వాడిది."

"మీదే. ఆయనకి ఉద్యోగం వచ్చినరోజు మీరిచ్చారు. పెళ్ళిరోజుకి నేను కొత్తది కొనిచ్చా. కొత్తది వేసుకుని పైకెళ్ళారు, పాతది గుడిసెలో బల్ల మీద తెరిచి వదిలేశారు. గుడిసె పైకప్పు లేచిపోయి బూడిద దాని మీదే పడింది. పడవతను దులపకుండా అలాగే మడిచి సంచీలో పడేశాడు."

"నీకెవరు చెప్పారు?"

"అతన్నే వెళ్ళి అడిగా."

"వాడికి నోరెక్కువ."

"స్నానానికి వెళ్ళేటప్పుడు దాన్ని తీసి కిటికీలో ఎందుకు పెడతారు?"

"తాడు తడిస్తే మెడ దురద."

"తాడు మార్చుకోవచ్చుగా. నేను తెచ్చిస్తానన్నా కూడా."

"ముసలాణ్ణి. అలవాటు."

"చెవి దగ్గర పెట్టుకుని ఆడించడం కూడా చూశా. లోపల కరకరమంటుంది కదూ?"

"ఇంటినిండా గూఢచారులే."

"దాంట్లో ఏముందో మీకు తెలుసు."

"తెలీదు. ఒట్టు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా తెరవలేదు."

"ఎందుకు తెరవలేదు?"

"గాజుంటే పడవ వెళ్ళదు కనక! నోటితో చెప్పించావ్. చాలా?"

"చాలదు."

"గాజుందంటే ఆ కొండ మీదికి పురుగుని కూడా పోనివ్వరు. పోనివ్వకూడదు. వాడక్కడే ఉండిపోతాడు. పెద్దది వస్తుంది, వాడి మీద నిలువెత్తు బూడిద పోస్తుంది. ఇక ఎవరు వెతికినా దొరకడు. మీ అత్తయ్యకి ఆ మాట ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?"

"మీరే చెప్పాలి."

"నా వల్ల కాదు. నాకసలు ఏమీ అనిపించట్లేదమ్మా. వాడు పోయాడని ఫోనొస్తే చెప్పులెక్కడ పెట్టానా అని వెతుక్కున్నా. ఎక్కడికి వెళ్దామని? ఇప్పటికీ అంతే. ఏడుపు రాదు, కోపం రాదు. అన్నం పెడితే తింటా, పక్క వేస్తే పడుకుంటా. మొద్దుబారిపోయా. పడవ వెళ్తుంది, వాణ్ణి తెస్తుంది, ఆ ఒక్క ముక్కా పట్టుకుని రోజులు లాగిస్తున్నా. అదీ లాక్కుంటావా?"

"నాకూ అంతే మామయ్యా. 'అమ్మా, నువ్వెందుకు ఏడవవు?' అంటుంది పాప. పనుందే అంటాను."

"పాపని ఎక్కడ వదిలావ్?"

"మా అక్క దగ్గర. నిన్ననే దింపొచ్చా."

"ఎప్పుడొస్తానని చెప్పావ్?"

"వస్తానని చెప్పా. ఎప్పుడో చెప్పలేదు. అదీ అడగలేదు."

"ఇంత అనుమానం ఉన్నదానివి మానెయ్యొచ్చుగా. నిన్నెవరు రమ్మన్నారు?"

"నేను మానేస్తే మిగతావాళ్ళు దారి తెలీకుండా వెళ్తారు. కొండెక్కేవాళ్ళు నలుగురు, పడవతను. అందరికీ ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు. నా మొగుడి కోసం వాళ్ళని పంపించి నేనిక్కడ టీ తాగుతూ కూర్చోనా?"

"ఏమండీ! దుప్పటి సంగతి తేల్చరేం?"

"నువ్వే తేల్చుకోవే!"

"నేను తేల్చేదాన్నయితే మిమ్మల్నెందుకు అడుగుతాను!"

"వస్తున్నా, ఉండు! అమ్మాయ్..."

"చెప్పండి."

"తాడు కాలరుకి పట్టుకుంది. నువ్వే తియ్యి."

"మామయ్యా..."

"తియ్యమన్నానా. తెల్లకాగితం పరిచావా? ఫ్యాను ఆపు. ఊపిరి అటు తిరిగి వదులు."

"ఆపాను. పరిచాను."

"ఇలా ఇవ్వు, నేనే తెరుస్తా. మడత బిగుసుకుంది."

"మీరు తెరవగలరా?"

"చెప్పాగా, నాకేమీ అనిపించదని."

మడత విప్పగానే చిటికెడు బూడిద కాగితం మీద రాలింది. ఆయన దాన్ని సూదిమొనతో స్లైడు మీదికి జరిపి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, మైక్రోస్కోప్ మీదికి వంగాడు.

"చెప్పండి."

"నల్లది. అంచులు అరిగాయి. పాతరాయి."

"ఊఁ."

"ఎర్రది. తుప్పు పట్టింది. పాతది. ఇది తెల్లది, ఆవిరికి ఉడికి మెత్తబడ్డ రాయి. అదీ పాతదే. చూశావా? నే చెప్పలేదూ?"

"స్లైడు జరపండి."

"జరుపుతున్నా. నల్లది. నల్లది. ఇదేదో దారప్పోగు, వాడి స్వెట్టరుది కాబోలు. నీలంగా ఉంది. మళ్ళీ ఎర్రది."

"ఇంకా జరపండి."

"జరుపుతున్నానన్నాగా."

"జరపట్లేదు. ఆగిపోయారు."

"కన్ను లాగుతోంది."

"ఏం కనిపించింది?"

"ఆ గుడిసెకి కిటికీ ఉండేది కదూ?"

"ఉండేది."

"పగిలిందా?"

"పగిలింది."

"అదీ సంగతి. కిటికీ అద్దం ముక్క. ఇంకేం లేదు."

"బుడగలున్నాయా?"

"చవకరకం అద్దాల్లో ఉంటాయి అప్పుడప్పుడూ."

"ఎన్ని?"

"నువ్వే చూసుకో."

"జరగండి... కిటికీది కాదు మామయ్యా. అంతా బుడగలే. మధ్యలో గోడలు ఉల్లిపొరంత కూడా లేవు."

"అయితే పాత పేలుడుది. గాలికి ఎగిరొచ్చి పడుంటుంది. ఆ కొండ మీద పాత గాజుకేం కరువు?"

"పాతదైతే ఎండకీ వానకీ మసకబారేది. మీరే చెప్పారు, పాలు పోసినట్టు అవుతుందని. ఇది నీళ్ళలా ఉంది. అంచులు ఇప్పుడే విరిగినట్టున్నాయి."

"ఒక్క ముక్క. ఒక్క ముక్క పట్టుకుని అంత మాట..."

"పక్కన ఇంకోటుంది. ఆ పక్కన ఇంకోటి. మీరీ మూలకి రాలేదు. ఇదిగో, ఇక్కడ నిండా ఉంది."

"ఊఁ."

"మామయ్యా, గాజు."

"గాజే. నేను ముందే చూశా. ఆ మూలకి కావాలనే పోలేదు."

"తెలుసు."

"తెలిస్తే ఊరుకోవచ్చుగా."

"ఊరుకుంటే పొద్దున పడవెక్కాలిగా."

"అవును. ఎక్కాలి... అయితే అది పేలుడే. వాడు పోయినరోజు కొండ పేలింది. పట్టికలోకి ఎక్కాలి. నీకో మాట చెప్పనా? ఉత్త ఆవిరికి దొరికిపోయాడేమిట్రా వీడు, నా కొడుకై ఉండి, నా దగ్గర నేర్చుకుని, అని లోపల్లోపల వాణ్ణి తిట్టుకున్నా. చచ్చినవాణ్ణి."

"ఇక తిట్టుకోకండి."

"ఎవరి మీద పడి ఉన్నా అంతే. పరిగెత్తినా లాభం లేదు. వాడి తప్పేం లేదు."

"లేదు."

"రెండేళ్ళయింది. పెద్దదానికి వేళైంది."

"రేపో, వచ్చే ఏడో."

"ఆఫీసరుకి ఫోన్ చెయ్యి. ముసలాయన తన కళ్ళతో చూశాడని చెప్పు. నమ్మకపోతే స్లైడు పట్టుకుని నేనే వస్తానను."

"చేస్తా. మరి అత్తయ్యకి?"

"నేను చెప్తా... ఇదిగో! ఒకసారి ఇలా రా!"

"వచ్చా. ఏంటండీ, తేలిందా దుప్పటి?"

"తేలింది. కూర్చో."

"కూర్చున్నా."

"రేపు పడవ లేదు. రేపే కాదు, ఇక లేదు. కొండ లేచింది. వాడు... వాడక్కడే ఉంటాడు. ఎంతమందిని పంపినా తేలేం. పంపకూడదు. నీకు కోపమొస్తే నన్నను. ఈ పిల్లనేం అనకు."

"ఆ ఫోన్ ఇలా ఇవ్వమ్మాయ్. ఆఫీసరుతో నేను మాట్లాడతా."

"నువ్వా? నువ్వేం మాట్లాడతావే?"

"ఆ మెట్ల మీద కూర్చుని పడవ పంపమన్నది నేను. వద్దని చెప్పేదీ నేనే."

"సరే, చెప్పు. ముందా సంచీలోంచి దుప్పటి తీసెయ్యి. పొద్దుట్నుంచీ సర్దుతున్నావ్, అదలా కళ్ళెదురుగా ఉంటే నావల్ల కాదు."

"తియ్యడానికి పెడితేగా! నిన్న ఈ పిల్ల మన గుమ్మంలో కూర్చుని, కొండకి బయల్దేరేముందు అచ్చం వాడిలాగే, బూట్లు తుడుచుకోవడం చూశాక, ఆ సంచీలో నేనేమీ పెట్టలేదండీ."